విరిగిన కుర్చీ నుంచి పెన్నుల పెట్టె దాకా: రీసైకిల్ ప్లాస్టిక్‌కు నప్పే రూపం ఏది?

హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున్నే వచ్చి సీటు పట్టుకుంటారు. లేచి వెళ్లేటప్పుడు బల్ల మీద గుండుసూది కూడా వదలడానికి ఉండదు. పెన్నులు, హైలైటర్లు, స్కేలు, ఛార్జర్, ఇయర్‌ఫోన్లు అన్నీ మళ్లీ బ్యాగులోకి చేరాల్సిందే. హైటెక్ సిటీ ఆఫీసుల్లోనూ ఇప్పుడు చాలాచోట్ల ఎవరి సీటు వారిది కాదు. ఏ రోజు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలి. ఇంటి నుంచి పని చేసేవాళ్లకైతే డైనింగ్ టేబులే ఆఫీసు, భోజనాల వేళకు దాన్ని ఖాళీ చేయాలి.

సొంత బల్ల లేనప్పుడు బల్ల మీద ఉండాల్సిన వస్తువులన్నీ ఒక పెట్టెలో పెట్టుకుని తిరగక తప్పదు. ఈ అవసరం కొత్తదేమీ కాదు. వెనకటికి కరణంగారు గుడ్డలో మూటగట్టి వెంట తిప్పుకున్న దఫ్తరం పని ఇదే. ఎక్కడ విప్పితే అక్కడే ఆయన ఆఫీసు.

ఆ దఫ్తరం స్థానంలోకి ఇప్పుడు పోర్టబుల్ డెస్క్ ఆర్గనైజర్ వచ్చింది. పైన పిడి, లోపల అరలు, పక్కన ఫోన్ నిలబెట్టే గాడి. వీటిలో కొన్నింటి మీద "రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌తో తయారైంది" అని ఉంటుంది. ఆ మాట చదవగానే కొనాలనిపించడం సహజం, అందులో తప్పూ లేదు. కాకపోతే ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది పెట్టె ఆకారాన్ని చూసి తేల్చుకోవాలి. రీసైకిల్ ప్లాస్టిక్ కొన్ని పనులు చక్కగా చేస్తుంది, కొన్ని చేయలేదు. ఆ తేడా తెలిసి చేసిన పెట్టె పదేళ్లు బల్ల మీద ఉంటుంది. తెలియకుండా చేసింది ఏడాది తిరక్కుండా చెత్తబుట్టకు చేరుతుంది. అప్పుడు రీసైక్లింగ్ కోసం పడ్డ శ్రమంతా వృథా.

ముందు బాటిల్ బొమ్మ సంగతి చూద్దాం. ఇలాంటి వస్తువుల ప్రకటనల్లో తరచూ మంచినీళ్ల బాటిల్ ఒకటి కనిపిస్తుంది. ఆ బాటిలే ఈ పెట్టె అయిందని మనం అనుకుంటాం. నీళ్ల బాటిల్ పెట్ అనే ప్లాస్టిక్, దాని అడుగున ఉండే అంకె 1. మన దేశంలో పోగయ్యే పెట్ బాటిళ్లలో ఎక్కువ భాగం ముక్కలై, కరిగి, పాలిస్టర్ దారంగా మారతాయి. 2023 ఫిబ్రవరిలో ప్రధాని నరేంద్ర మోదీ పార్లమెంటుకు వేసుకొచ్చిన నీలం జాకెట్ అలాంటి బాటిళ్ల నుంచి తయారైన బట్టతో కుట్టిందే.

పెట్‌తో పెట్టెలు చేయకూడదని కాదు. దానితో తలనొప్పులు ఎక్కువ. గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. బాగా ఆరబెట్టకుండా కరిగిస్తే ఆ తేమే ప్లాస్టిక్ లోపల పొడవాటి గొలుసుల్లా ఉండే అణువులను తెంచేసి సరుకును పెళుసుగా మారుస్తుంది. 70 డిగ్రీలు దాటేసరికి మెత్తబడటం మొదలవుతుంది. బెజవాడ మే నెల ఎండలో, అద్దాలు మూసి పార్క్ చేసిన కారు డ్యాష్‌బోర్డు మీద అంత వేడి పుట్టడం కష్టమేమీ కాదు. వెంట తిప్పుకునే పెట్టె అక్కడ ఒక మధ్యాహ్నం ఉంటే చాలు, వంకర పోవచ్చు. పైగా శుభ్రమైన పెట్ బాటిల్‌కు దక్కాల్సిన మంచి గతి మళ్లీ బాటిల్ కావడమే. ప్లాస్టిక్ ప్యాకేజింగ్ మీద కేంద్రం 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం, గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26 నుంచి కనీసం 30 శాతం రీసైకిల్ సరుకు ఉండాలి. ఏటా పెరుగుతూ 2028-29కి అది 60 శాతం కావాలి. మంచి పెట్ కోసం బాటిళ్ల కంపెనీలే ఇక పోటీ పడాలి. అలాంటి సరుకును పెన్ స్టాండ్‌గా మార్చడం బియ్యాన్ని గంజి కోసమే వండినట్టు.

డెస్క్ ఆర్గనైజర్ తీసుకోవాల్సింది ఇంకో గుట్ట నుంచి. కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, పిడి ఊడిన మగ్గు, చిల్లు పడ్డ బకెట్, నూనె డబ్బా, బాటిల్ మూతలు ఉండే గుట్ట అది. కుర్చీ పాలీప్రొపిలీన్, వాడుకలో పీపీ, దాని అంకె 5. బాటిల్ మూత ఎక్కువగా హెచ్‌డీపీఈ, దాని అంకె 2. ఈ రెండూ తేమను పట్టుకోవు, సులువుగా కరుగుతాయి, ఎండకు పెట్ అంత తొందరగా మెత్తబడవు. హెచ్‌డీపీఈ దాదాపు 130 డిగ్రీల దగ్గర, పీపీ 160 దాటాక కరుగుతాయి. అంకెలు వేసి చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ సుమారు 2 నుంచి 2.5 కిలోలు తూగుతుంది. ఆర్గనైజర్ 300 గ్రాములు ఉందనుకుంటే ఒక్క కుర్చీ నుంచి ఏడెనిమిది పెట్టెలు వస్తాయి. అదే పెట్టె మూతలతో చేయాలంటే, ఒక్కో మూత రెండు మూడు గ్రాములే కాబట్టి, వంద నుంచి నూట యాభై దాకా కావాలి.

ఈ సరుకు దొరకడం వెనక పెద్ద గొలుసే ఉంది, దాని మొదటి కొస మన వీధిలోనే ఉంది. "పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం" అని కేక వేస్తూ బండి మీద వచ్చే మనిషి, విరిగిన బకెట్‌కు బదులు ఉల్లిపాయలు తూచి ఇచ్చే మనిషి, చిత్తు కాగితాలతో పాటు బాటిళ్లు ఏరే ఆడవాళ్లు, మన దేశపు రీసైక్లింగ్ నిలబడింది వీళ్ల మీదే. వాళ్లు ఏరింది స్క్రాప్ దుకాణానికి, అక్కడి నుంచి పెద్ద గోడౌన్‌కు, అక్కడి నుంచి గ్రైండింగ్ యూనిట్‌కు వెళుతుంది. హైదరాబాద్ శివారు కాటేదాన్‌లో ఇలాంటి యూనిట్లు చాలా ఉన్నాయి.

గోడౌన్‌లో ఏ ప్లాస్టిక్‌కు ఆ కుప్ప వేయడమే అసలు విద్య. అనుభవం ఉన్నవాళ్లు గోటితో గీకి, వంచి, కింద పడేసి చప్పుడు విని చెప్పేస్తారు. అనుమానం వస్తే చిన్న ముక్కకు లైటర్ పెడతారు. పీపీ, హెచ్‌డీపీఈ కాలుతుంటే కొవ్వొత్తి ఆర్పిన వాసన వస్తుంది. నీళ్ల పైపులు చేసే పీవీసీ ముక్కు మండేలా ఘాటుగా ఉంటుంది, మంట తీసేయగానే ఆరిపోతుంది. థర్మోకోల్ చేసే పాలీస్టైరీన్ నల్లటి మసి కక్కుతుంది. రోజంతా ఆ పొగ ముక్కు దగ్గర పెట్టుకుని పని చేసేవాళ్లకు కనీసం మాస్క్, గాలి ఆడే షెడ్డు ఉండాలి. పచ్చటి ఆకు బొమ్మ వేసుకుని అమ్ముడుపోయే వస్తువు ధరలో వీళ్ల వాటా ఎంత అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉండాలి.

తరవాత పని నీళ్లు చేస్తాయి. పీపీ, హెచ్‌డీపీఈ నీళ్లకన్నా తేలిక. పెట్, పీవీసీ బరువు. ముక్కలు చేసి తొట్టిలో పోస్తే తేలేవి తేలతాయి, మునిగేవి మునుగుతాయి. ఎంత సులువైన పద్ధతో అంత గట్టి ఫలితం ఇస్తుంది. కానీ తేలిన వాటిలో పీపీ ఏదో హెచ్‌డీపీఈ ఏదో నీళ్లు చెప్పలేవు, రెండూ పక్కపక్కనే తేలుతుంటాయి. అందుకే చేత్తో వేరు చేసిన మనిషి నైపుణ్యం చివరిదాకా అవసరం. ఈ కడిగిన నీళ్లలో కంటికి కనపడని ప్లాస్టిక్ పొడి కూడా ఉంటుంది. దాన్ని వడగట్టకుండా నాలాలోకి వదిలితే ఒక చెత్తను తీసి ఇంకో చెత్తను పోసినట్టే అవుతుంది.

కడిగి ఆరబెట్టిన ముక్కలు, కరిగించి ముందుకు నెట్టే ఎక్స్‌ట్రూడర్ యంత్రంలో కరిగి, సన్నని జల్లెడ గుండా దూరి, సేమ్యాలా తీగలై, చల్లారి, చిన్న చిన్న గింజలుగా తెగుతాయి. వ్యాపారంలో వీటిని దానా అంటారు. అచ్చుల్లో వస్తువులు పోసే మౌల్డింగ్ యంత్రం తినేది ఈ దానానే. జల్లెడ ఎంత సన్నగా ఉంటే సరుకు అంత శుభ్రం. అయితే అది అంత తొందరగా పూడిపోతుంది, అంత తరచుగా మార్చాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న చోట ముందు కోత పడేది ఇక్కడే. దాని ఫలితం ఆరు నెలల తరవాత మన బల్ల మీద కనిపిస్తుంది.

మడత దగ్గర ఏం జరుగుతుంది

పోర్టబుల్ అనే మాట వచ్చిందంటే పెట్టెకు తెరిచి మూసే మూత, లాక్ చేసే కొక్కెం, ఎత్తే పిడి ఉండాలి. పీపీకి ఇందులో ఒక అరుదైన గుణం ఉంది. షాంపూ సీసా మూతను గమనించండి. మూతకూ, దాని కింది భాగానికీ మధ్య ఇనుప బందు ఏదీ ఉండదు. అర మిల్లీమీటరు కూడా లేని ఒక పలచని పట్టీ ఉంటుంది, అంతే. కొత్త పీపీ అయితే ఆ పట్టీ లక్షల సార్లు మడిచినా తెగదు. అచ్చులో కరిగిన ప్లాస్టిక్ ఆ సన్నని సందు గుండా పారినప్పుడు, ఆపైన మొదటిసారి మడిచినప్పుడు, దాని గొలుసులన్నీ మడతకు అడ్డంగా, దారప్పోగుల్లా ఒకే వైపు సర్దుకుంటాయి. బలం అక్కడి నుంచే వస్తుంది.

రీసైకిల్ దానాతో అదే పట్టీ చేస్తే కథ మారుతుంది. పీపీని కరిగించిన ప్రతిసారీ దాని గొలుసులు కొన్ని తెగి పొట్టివవుతాయి. కుర్చీలో ధర తగ్గించడానికి కలిపిన సుద్ద పొడి ఉండొచ్చు. జల్లెడ తప్పించుకున్న ఇసుక రేణువు ఉండొచ్చు. పక్కనే తేలిన హెచ్‌డీపీఈ కొంత కలిసి ఉండొచ్చు. పీపీ, హెచ్‌డీపీఈ చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా కరిగాక కలవవు, నూనె, నీళ్లలా విడివిడిగా ఉండిపోతాయి. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న గోడలో ఈ లోపాలు పెద్దగా లెక్కలోకి రావు. అర మిల్లీమీటరు పట్టీలో ఒక్క రేణువు చాలు, చీలిక అక్కడ మొదలవుతుంది. ముందు మడత మీద తెల్లటి గీత పడుతుంది. కొన్ని వారాలకు ఆ గీత చివర చిన్న గాటు కనిపిస్తుంది. ఒకరోజు బ్యాగులోంచి తీసేసరికి మూత ఒక చేతిలో, పెట్టె ఇంకో చేతిలో ఉంటాయి.

టక్కుమని పడే కొక్కెం సంగతీ ఇంతే. సొరుగులున్న రకంలో సమస్య ఇంకోలా వస్తుంది. పీపీ అచ్చులో చల్లారేటప్పుడు బాగా కుంచించుకుంటుంది, మామూలుగా ఒకటి నుంచి రెండు శాతం దాకా. బస్తా బస్తాకు దానా మారితే కుంచించుకునే లెక్కా మారుతుంది. అందుకే ఒక బ్యాచ్‌లో సొరుగు సాఫీగా జారుతుంది, ఇంకో బ్యాచ్‌లో సగంలో ఇరుక్కుంటుంది. తయారీదారు శ్రద్ధ లేని మనిషని దీన్ని బట్టి తేల్చేయలేం. పాత సరుకు స్వభావమే అతుకుల బొంత లాంటిది. ఏ రోజు బస్తాలో ఎన్ని కుర్చీలు, ఎన్ని బకెట్లు పడ్డాయో ఎవరికి తెలుస్తుంది?

పోపుల డబ్బా ముందే చెప్పిన జవాబు

మరి మడత, కొక్కెం, సొరుగు లేకుండా వెంట తీసుకెళ్లే ఆర్గనైజర్ ఎలా ఉండాలి? తెలుగు ఇళ్లలో ఆ నమూనా ఎప్పుడో ఉంది. అదే పోపుల డబ్బా. ఒక గుండ్రటి డబ్బా, లోపల విడివిడిగా ఉండే గిన్నెలు, పైన ఊడొచ్చే మూత. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి వేటికవే ఉంటాయి, అయినా అన్నీ ఒక చేతి కింద ఉంటాయి. అందులో బందు లేదు, స్క్రూ లేదు. ఒక గిన్నె పోతే ఇంకో గిన్నె పెట్టుకోవచ్చు. డబ్బా మాత్రం అత్తగారి కాలం నుంచి కోడలి కాలానికి వస్తుంది.

రీసైకిల్ ప్లాస్టిక్ బలాలకు ఈ రూపం అచ్చంగా సరిపోతుంది. గోడలు కొంచెం మందంగా ఉండొచ్చు, కాబట్టి లోపాలు దాగిపోతాయి. మూలలు గుండ్రంగా ఉంటే పగుళ్లు మొదలయ్యే చోటే ఉండదు. గిన్నెలకూ డబ్బాకూ మధ్య మిల్లీమీటరు సందు వదిలితే కుంచించుకోవడంలో తేడాలు వచ్చినా నష్టం లేదు. పిడి విడిగా అతికించకుండా, రెండు పక్కలా చెయ్యి పట్టేంత రంధ్రం వదిలితే చాలు. పైన ఊడొచ్చే మూతనే బోర్లిస్తే పేపర్ క్లిప్పులు వేసుకునే పళ్లెం అవుతుంది. బ్యాగులో తలకిందులైనా ఒలక్కుండా ఉండటానికి మూతను పాత టైర్ ట్యూబులోంచి కోసిన రబ్బరు పట్టీ బిగించి పట్టుకుంటుంది. అది సాగిపోతే మార్చుకోవచ్చు, పెట్టెకు ఏమీ కాదు.

ఇందులో ఇంకో లాభం ఉంది, అసలు ముఖ్యమైనది కూడా ఇదే. మొత్తం పెట్టె ఒకే ప్లాస్టిక్. మార్కెట్లో దొరికే చాలా ఆర్గనైజర్లలో పీపీ పెట్టెకు పాలీస్టైరీన్ పారదర్శక మూత, ఇనుప స్క్రూలు, అడుగున జిగురుతో అతికించిన ఫోమ్ ఉంటాయి. అలాంటి దాన్ని స్క్రాప్ దుకాణంలో విప్పి వేరు చేసే ఓపిక ఎవరికీ ఉండదు, ఆ సమయానికి తగ్గ డబ్బు కూడా రాదు. పాత ప్లాస్టిక్‌తో చేసిన వస్తువు మళ్లీ పాత ప్లాస్టిక్‌గా పనికి రాకపోతే, చెత్తకుప్పకు వెళ్లే దారిలో అది ఒక మజిలీ అయిందంతే.

రంగు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అన్ని రంగుల ముక్కలు కలిపి కరిగిస్తే బురద లాంటి బూడిద రంగు వస్తుంది. అది కొనేవాళ్లకు నచ్చదని చాలామంది నల్లరంగు కలిపేస్తారు. నలుపు అన్నిటినీ కప్పేస్తుంది, ఎండ నుంచి కాపాడుతుంది కూడా. కానీ పెద్ద రీసైక్లింగ్ ప్లాంట్లలో ప్లాస్టిక్ రకాన్ని గుర్తుపట్టేది పరారుణ కాంతి యంత్రాలు. కార్బన్ నలుపు ఆ కాంతిని మింగేస్తుంది కాబట్టి యంత్రానికి ఆ వస్తువు కనపడదు. ఇంకో చిక్కు ఏమిటంటే నల్లటి పాత ప్లాస్టిక్‌లో టీవీలు, కంప్యూటర్ల పెట్టెల ముక్కలు కలిసే అవకాశం ఉంది. వాటిలో నిప్పు అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలు ఉంటాయి. వాటిలో ఒకటైన డెకాబీడీఈని 2017లో, విష రసాయనాల మీద దేశాల మధ్య కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. పెన్నులు పెట్టుకునే పెట్టెతో పెద్దలకు అంత భయం అక్కర్లేదు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని నల్ల సరుకు కన్నా చుక్కలు చుక్కలుగా రంగులు కనిపించే సరుకు నయం.

ఆ చుక్కల సరుకు వెనక ఒక మంచి ప్రయత్నం ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన డేవ్ హాకెన్స్ 2013లో ప్రెషస్ ప్లాస్టిక్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, చిన్న షెడ్డులో కూడా పెట్టుకోగల గ్రైండర్, ప్రెస్ యంత్రాల నమూనాలను అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దానా చేయకుండానే, కడిగిన మూతల ముక్కలను రేకు అచ్చులో పోసి, వేడి చేసి, నొక్కి పలకలు చేయొచ్చు. ఆ పలకలను కోసి, గాడుల్లో ఒకదానికొకటి దూర్చితే స్క్రూ లేకుండా పెట్టె నిలబడుతుంది. విప్పితే పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఫైలు మందంలో బ్యాగులో పెట్టుకోవచ్చు. ఏ రెండు పెట్టెలూ ఒకేలా ఉండవు. బరువు కాస్త ఎక్కువే, కోసేటప్పుడు రాలే పొడిని జాగ్రత్తగా పోగు చేయాలి. అయినా ఊరి స్థాయిలో పది మందికి పని ఇచ్చే పద్ధతిగా పోపుల డబ్బా రూపం తరవాత చెప్పుకోదగ్గది ఇదే.

కొనేటప్పుడు అడుగు భాగం తిప్పి చూడాలి. మూడు బాణాల త్రికోణం, అందులో ఒక అంకె కనిపిస్తాయి. అది రీసైకిల్ చేసిన సరుకన్న గుర్తు అని చాలామంది పొరబడతారు. ఆ అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే చెబుతుంది, కొత్త సరుకు మీదా అదే ఉంటుంది. ఈ గందరగోళం వల్లే 2013లో అమెరికా ప్రమాణాల్లో బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టారు. మన దేశంలో రీసైకిల్ ప్లాస్టిక్‌కు ఉన్న ప్రమాణం ఐఎస్ 14534. రీసైకిల్ సరుకు ఎంత శాతమో రాసి ఉందా, ఆ శాతం జనం వాడి పారేసిన ప్లాస్టిక్‌దా, ఫ్యాక్టరీలో మిగిలిన తుక్కుదా అన్నది కూడా చూడాలి. అచ్చుల్లోంచి కోసేసిన కాడలను అదే ఫ్యాక్టరీలో మళ్లీ కరిగించడం ఏనాటి నుంచో ఉన్న పొదుపు, దానివల్ల వీధిలో చెత్త ఒక్క గ్రాము కూడా తగ్గదు. రీసైకిల్ సరుకును ధ్రువీకరించే అంతర్జాతీయ ప్రమాణం గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ లోగో వస్తువు మీద వేయాలంటే కనీసం 50 శాతం రీసైకిల్ సరుకు ఉండాలి. పర్యావరణ హితం లాంటి గాలి మాటలకు ఆధారం చూపించాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి అమ్మేవాళ్లను అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మూత తీసి ఒకసారి వాసన కూడా చూడండి. సరిగ్గా కడగని సరుకులో షాంపూ, నూనె కలగలిసిన పాత వాసన ఉండిపోతుంది. మూసి ఉంచిన పెట్టెలో అది వారాల తరబడి వదలదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం 2020-21లో దేశంలో 41 లక్షల టన్నులకు పైగా ప్లాస్టిక్ వ్యర్థాలు వచ్చాయి. ఆ కొండ ముందు పెన్నుల పెట్టెలు ఎన్ని చేసినా చిటికెడే. ఇంట్లో పాత స్టీలు టిఫిన్ డబ్బా ఉండి, అది బ్యాగులో పడితే కొత్తది ఏదీ కొనక్కర్లేదు కూడా. కానీ కుర్చీలు, బకెట్ల గుట్టకు నమ్మకంగా కొనేవాళ్లు కావాలి. ముడి చమురు ధర పడిపోయినప్పుడల్లా కొత్త ప్లాస్టిక్ చవకై రీసైకిల్ దానా అమ్ముడుపోక గోడౌన్లలో మూలుగుతుంది. అప్పుడు స్క్రాప్ దుకాణం రేటు తగ్గిస్తుంది, బండి మనిషి విరిగిన బకెట్ తీసుకోవడం మానేస్తాడు, అది నాలాలో తేలుతుంది. పెన్నుల పెట్టెకు తిండి తగలదు, అది రోజంతా ఎండలో ఉండదు, బరువు మోయదు, రంగు కొంచెం అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. రెండో జన్మ ఎత్తిన పీపీకి ఇంత తేలికైన కొలువు దొరకడం అరుదు. స్కూళ్లు, కోచింగ్ సెంటర్లు, ఆఫీసులు వేలల్లో కొనే వస్తువు ఇది. ఆ ఆర్డర్లలో ఒకే ప్లాస్టిక్, ఊడొచ్చే గిన్నెలు అన్న రెండు షరతులు పెడితే తయారీదారులు అచ్చులు మార్చుకుంటారు.

అలా చేసిన పెట్టెలో ఏదో ఒకరోజు ఒక గిన్నె చెయ్యిజారి పగులుతుంది. అడుగున 5 అని అచ్చు పడి ఉంటుంది కాబట్టి, నీలం బుట్టలోంచి ఏరినవాళ్లకు లైటర్ వెలిగించాల్సిన పని పడదు. తిన్నగా కుర్చీల కుప్పలో వేసేస్తారు. మిగిలిన గిన్నెలతో పెట్టె మర్నాడు పొద్దున మళ్లీ లైబ్రరీ బల్ల మీదికి వస్తుంది.